మేస్త్రీ పుస్తకంలో ఏముంది? తాత్కాలిక కూలీలను పెట్టుకునే మిల్లులు, గోడౌన్లు వెట్టిని ఆపడానికి ఏం చేయాలి

దసరా దగ్గరపడితే పత్తి నుంచి గింజ తీసే ఆదోని జిన్నింగ్ మిల్లుల వాళ్లకు ఒకటే టెన్షన్: పత్తి వస్తుంది, మనుషులు దొరుకుతారా? ఊళ్ల నుంచి కూలీలను తెచ్చే మేస్త్రీకి ఫోన్ పోతుంది. "నలభై మంది కావాలప్పా, సోమవారం కల్లా." సోమవారానికి నలభై మంది దిగుతారు. వాళ్లు ఏ ఊరి నుంచి వచ్చారో, ఏం చెప్పి తెచ్చారో, ఒక్కొక్కరి మీద ఎంత అడ్వాన్స్ ఉందో, నెల తిరిగాక వాళ్ల చేతికి ఎంత పోతుందో మిల్లులో ఎవరూ అడగరు. మిల్లు లెక్కల్లో ఆ నలభై మందీ ఒకే లైను: లేబర్ చార్జీలు.

ఇలాంటి మిల్లులకు, గోడౌన్లకు పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) లెక్కలు రాయడం నా పని. నేను చూసినంతలో, యజమాని ఖాతాలో బయల్దేరిన డబ్బు కూలీ చేతికి చేరే దారిలోనే దోపిడీ అంతా జరుగుతుంది. ఆ దారిని మీ కంట్లో పెట్టుకుంటే చాలావరకు పని అయిపోయినట్టే. కింద చెప్పినవన్నీ ఆ ఒక్క పనికి మెట్లు. ఆదోని పేరు తరచుగా వచ్చినా కర్నూలు గోడౌన్లకూ, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకూ, తాడిపత్రి బండల పాలిష్ యూనిట్లకూ ఇవే వర్తిస్తాయి.

ముందు చట్టం దేన్ని వెట్టి అంటుందో తెలుసుకోండి

"మా దగ్గర వెట్టిచాకిరీ ఏందన్నా, గొలుసులేసి కట్టేసినామా?" అని చాలామంది నవ్వుతారు. చట్టం గొలుసు అడగదు. రాజ్యాంగం 23వ అధికరణ వెట్టినీ బలవంతపు చాకిరీనీ నిషేధించింది. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించడం కూడా బలవంతపు చాకిరీయేనని ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆకలే మనిషిని పనిలోకి నెట్టినప్పుడు అది స్వేచ్ఛగా ఒప్పుకున్నట్టు కాదని కోర్టు అప్పుడే చెప్పింది.

1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ఇంకా సూటిగా ఉంటుంది. అప్పో అడ్వాన్సో తీసుకున్నందుకు బదులుగా మనిషి కనీస వేతనం లేకుండా పనిచేయాల్సి వచ్చినా, వేరే చోట పనికి వెళ్లే హక్కు పోయినా, ఇష్టం వచ్చినట్టు తిరిగే హక్కు పోయినా అది వెట్టే. ఆ అప్పు చట్టం ముందు చెల్లదు. "ఇది వెట్టి అప్పు కాదు" అని రుజువు చేసుకోవాల్సిన భారం కూడా అప్పిచ్చినవాడిదే. శిక్ష మూడేళ్ల దాకా జైలు. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి ఈ చట్టాన్ని ఊళ్లలోకి తీసుకెళ్లిన నేల మనది. అయినా మిల్లు ఆఫీసుల్లో ఇది పాత పటేళ్ల కాలం నాటి చట్టమనే అనుకుంటారు.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. కాంట్రాక్టు లేబర్ చట్టం, కనీస వేతనాల చట్టం లాంటివి వాటిలో కలిసిపోయాయి. 1976 చట్టం మాత్రం కలవలేదు, విడిగా అట్లాగే ఉంది.

1. రేటు ఒప్పుకునే ముందు కాగితం మీద లెక్క వేయండి

కాంట్రాక్టర్ "తలకు ఇంత" అని రేటు చెప్పగానే పది రూపాయలు తగ్గించమని బేరమాడటం మనకు అలవాటు. తగ్గే ఆ పది ఎవరి జేబులోంచి పోతుందో ముందు చూడండి.

ఉదాహరణకు రోజు కూలి 500 అనుకుందాం. మీ పరిశ్రమకు అసలు కనీస వేతనం ఎంతో లేబర్ ఆఫీసులో కనుక్కోండి. మన రాష్ట్రంలో కరువు భత్యం ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది కాబట్టి పోయిన సీజన్ అంకె పనికిరాదు. 500 మీద యజమాని వాటా పీఎఫ్, దాని అనుబంధ చార్జీలతో కలిపి 13 శాతం, అంటే 65 రూపాయలు. ఈఎస్ఐ 3.25 శాతం, అంటే 16 రూపాయల పావలా. బోనస్ కనీసం 8.33 శాతం, దాదాపు 42. కూలితో కలిపి మొత్తం దాదాపు 623 అయింది. కాంట్రాక్టర్ కమిషన్ ఇంకా ఇందులో కలవలేదు.

ఇప్పుడు ఒకాయన వచ్చి "సార్, 570కి ఇస్తా, అన్నీ అందులోనే" అంటే అర్థమేంటి? పీఎఫ్ కట్టడు, లేదా సగం మందికే కడతాడు, లేదా కూలీకి 400 ఇచ్చి 500కి వేలిముద్ర వేయించుకుంటాడు. మూడింట్లో ఏదో ఒకటి జరక్కుండా ఆ రేటు రాదు. తక్కువ కొటేషన్‌కు సంతకం పెట్టినవాడు "నాకు తెలియదు" అనడం నాకైతే నమ్మబుద్ధి కాదు.

కొటేషన్‌ను విడగొట్టి రాయించండి: కూలి ఎంత, పీఎఫ్ ఎంత, ఈఎస్ఐ ఎంత, బోనస్ ఎంత, కమిషన్ ఎంత. బేరం కమిషన్ మీదే ఆడండి.

2. కాంట్రాక్టర్ వెనక ఎవరున్నారో చూడండి

లైసెన్స్, పీఎఫ్ కోడ్, ఈఎస్ఐ కోడ్, జీఎస్టీ కాగితాలు అందరూ అడుగుతారు. నేనైతే ఇంకొకటి అడగమంటాను: గత మూడు నెలల పీఎఫ్ చలాన్లు, వాటితోపాటు పేర్ల జాబితా. అరవై మందిని సరఫరా చేస్తున్నానని చెప్పే మనిషి చలాన్‌లో పదకొండు పేర్లుంటే మిగతా వివరాలు అడగాల్సిన పనిలేదు.

కొత్త కోడ్ కింద కాంట్రాక్టు లేబర్ నియమాలు 50 మంది, ఆపైన ఉన్న చోట వర్తిస్తాయి. పాత చట్టంలో అది 20. దీంతో చాలామంది "మాది నలభైయే కదా" అని ఊపిరి పీల్చుకున్నారు. తొందరపడొద్దు. పనివాడికి ఇవ్వాల్సింది కాంట్రాక్టర్ ఎగ్గొడితే ఆ సంస్థ యజమాని ఇవ్వాల్సిందేనని వేతనాల కోడ్ 43వ సెక్షన్ చెబుతోంది. అక్కడ యాభై లెక్క లేదు.

ఇక అసలు సంగతి. మీరు సంతకం పెట్టేది కర్నూలులో ఆఫీసున్న కాంట్రాక్టర్‌తో. మనుషులను తెచ్చేది అతని కింద ఉన్న మేస్త్రీ. ఆ మేస్త్రీకి ఊళ్లో ఇంకో మనిషి ఉంటాడు, ఇంటింటికీ తిరిగి అడ్వాన్స్ పంచేది అతనే. ఆ చివరి మనిషి పేరు, ఫోన్ నంబరు, అతనికి తలకు ఎంత ముడుతుందో మీ దగ్గర రాసి ఉండాలి. "అదంతా మా అంతర్గత విషయం సార్" అని కాంట్రాక్టర్ అంటే ఇంకొకరిని చూసుకోండి. పనిలో పెట్టినందుకు కూలీ దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదని, కమిషన్ మొత్తం మీరే ఇస్తారని ఒప్పందంలో రాయండి.

3. అడ్వాన్స్: ఇక్కడ తొందరపడకండి

కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, మంత్రాలయం, ఆలూరు వైపు, పని కోసం ఊరు విడిచిపోవడాన్ని సుగ్గికి పోవడం అంటారు. వానలు మొహం చాటేస్తే, పంట చేతికి రాకపోతే ఇంటికి తాళమేసి గుంటూరు మిరప కోతలకు బయల్దేరతారు. పోయే ముందు ఇంట్లో ముసలివాళ్లకు తిండికి, పాత అప్పుకు వడ్డీకి, పిల్ల పెళ్లికి డబ్బు కావాలి. ఆ అవసరాన్ని మీరు కొట్టిపారేయలేరు. "అడ్వాన్సులు నిషేధం" అని బోర్డు పెడితే కూలీ మేస్త్రీ దగ్గరే ఇంకా గట్టి షరతు మీద తీసుకుంటాడు.

మేస్త్రీ పుస్తకంలో ఒక పేజీ ఎలా ఉంటుందో చూడండి. పైన మొగుడి పేరు. పెళ్లాం పేరుండదు, పక్కన "జత" అని ఉంటుంది. అడ్వాన్స్ 30,000. కింద ఆటో 600, బియ్యం 2,400, ఆస్పత్రి 1,500. ఆ కింద "నాగా 4, 2,000". ఈ చివరి లైను దగ్గర ఆగండి. పనికి రాని రోజుకు కూలి ఉండదు, అది సరే. అది పోను రోజుకు 500 జరిమానా వేశాడన్నమాట. ఒక నాగాకు రెండు రోజుల కూలి పోయింది. చట్టం ప్రకారం రాని రోజుకు ఆ రోజు కూలి వరకే కోయవచ్చు. జరిమానా ఏదైనా ఉంటే ఆ వేతన కాలానికి వచ్చే కూలిలో 3 శాతం దాటకూడదు. ఆస్పత్రి ఖర్చు సంగతి ఇంకా అన్యాయం: ఈఎస్ఐ కట్టి ఉంటే ఆ 1,500 పడేదే కాదు. వారానికి ఖర్చులకని వెయ్యి ఇచ్చి, మిగతాది "సీజన్ అయ్యాక చూసుకుందాం" అంటాడు. సీజన్ అయ్యేసరికి కూలీయే బాకీ తేలతాడు. వచ్చే ఏడు మళ్లీ అతని వెంటే రావాలి.

దీన్ని తెంచడానికి మీరు చేయగలిగింది ఇది. అవసరమైనవాళ్లకు అడ్వాన్స్ మీరే, కంపెనీ పేరున, నేరుగా వాళ్ల బ్యాంకు ఖాతాలో వేయండి. నాలుగైదు వారాల్లో తీరిపోయేంతే ఇవ్వండి. వడ్డీ వద్దు. వారానికి ఎంత కోస్తారో ముందే రాసివ్వండి. అన్ని కోతలూ కలిపి కూలిలో సగం దాటకూడదని వేతనాల కోడ్ చెబుతుంది, కానీ సగం కోస్తే మనిషి మళ్లీ అప్పుకు పోతాడు. ఐదో వంతు దగ్గర ఆపడం మంచిదని నా అభిప్రాయం. మొగుడికీ పెళ్లానికీ వేర్వేరు పేజీలు, వేర్వేరు ఖాతాలు ఉండాలి.

కాగితం చివర ఒక వాక్యం తప్పకుండా రాయండి: "అడ్వాన్స్ బాకీ ఉన్నా పని మానేసి వెళ్లవచ్చు." ఇది చూడగానే యజమానులు ఉలిక్కిపడతారు. "అట్లయితే డబ్బు తీసుకుని పారిపోతారు కదా?" కొందరు పోతారు. అది వ్యాపారంలో పడే నష్టం. బాకీ ఉంది కాబట్టి కదలకూడదని ఆపిన నిమిషం నుంచి మీరు 1976 చట్టం కిందికి వస్తారు.

కాంట్రాక్టర్‌తో మీ ఒప్పందం జరక్కముందే మేస్త్రీ అడ్వాన్స్ పంచేసి ఉంటే? మొదటి రోజే ఒక్కొక్కరినీ విడిగా పిలిచి ఎంత తీసుకున్నారో అడిగి రాసుకోండి. ఆ బాకీని మీ కూలి డబ్బుల్లోంచి మేస్త్రీ కోసుకోవడానికి వీల్లేదని అతనికి రాతపూర్వకంగా చెప్పండి.

4. దిగిన రోజు

ఆధార్ జిరాక్స్ తీసుకుని ఒరిజినల్ అప్పటికప్పుడే చేతికిచ్చేయండి. "పోగొట్టుకుంటారని భద్రంగా పెట్టినాం" అనే మాట ఎంత మంచి మనసుతో అన్నా ఒప్పుకోవద్దు. గుర్తింపు కాగితాలు పట్టి ఉంచడం బలవంతపు చాకిరీకి అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పిన 11 గుర్తుల్లో ఒకటి.

ప్రతి మనిషికీ నియామక పత్రం ఇవ్వాలి, కొత్త కోడ్ కింద అది తప్పనిసరి. చదివి వినిపించండి. ఆదోనిలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపిస్తాయి, వేరే రాష్ట్రం వాళ్లుంటే హిందీ, ఒడియా కూడా. కాబట్టి ఏ భాష అర్థమవుతుందో అడగండి. రోజు కూలి, గంటలు, సెలవు, కోతలు, ఎవరికి ఫిర్యాదు చేయాలి అనే ఐదు సంగతులు ఒక్క పేజీలో పడతాయి.

వయసు చూడండి. 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టకూడదు, 14 నుంచి 18 మధ్యవాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. తప్పితే ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, 20,000 నుంచి 50,000 జరిమానా. జిన్నింగ్ మెషిన్ల దగ్గరికి చిన్నవాళ్లను అసలు రానివ్వకండి. తల్లిదండ్రుల వెంట వచ్చిన పిల్లలు షెడ్డులో ఆడుకుంటూ ఆడుకుంటూ పత్తి ఎత్తడం మొదలుపెడతారు, ఎవరూ చెప్పకపోయినా. వలస పోయేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లున్నాయి. మండల విద్యాధికారిని అడిగి ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పించండి.

5. జీతం రోజు

కూలి మేస్త్రీ చేతికి ఇవ్వకండి. ఈ మార్గదర్శిలో ఒక్క మాటే పాటిస్తానంటే ఇదే పాటించండి.

ఖాతాలో వేస్తున్నాం కదా, ఇక ఏ బాధా లేదని చాలామంది అనుకుంటారు. బ్యాంకుకు పంపే షీట్ తీసి ఒకసారి కంటితో చూడండి. ఒకే ఖాతా నంబరు రెండు పేర్ల పక్కన ఉందా? ఆరుగురికి ఒకే ఫోన్ నంబరు ఉందా? ఉంటే ఓటీపీలు, డబ్బు పడిన మెసేజ్‌లు అన్నీ ఒక్కడికే పోతున్నాయి. ఇంకా తెలివైనవాడు ఇదీ చేయడు. అందరి ఖాతాలూ వేర్వేరుగా సక్రమంగా ఉంటాయి, ఏటీఎం కార్డులు మాత్రం మేస్త్రీ జేబులో ఉంటాయి. రబ్బర్ బ్యాండ్ చుట్టిన కార్డుల కట్ట, ఒక్కో కార్డు వెనక చిన్న కాగితం అంటించి దాని మీద నాలుగంకెల పిన్. జీతం పడిన సాయంత్రం ఏటీఎం ముందు ఒక్కడే అరగంట నిలబడి డబ్బు తీస్తాడు. మీ రికార్డు మాత్రం అద్దంలా ఉంటుంది, ఏ ఆడిటరూ తప్పు పట్టలేడు.

అందుకే జీతం పడిన మరుసటి రోజు నలుగురైదుగురిని ఊరికే పలకరించి "కార్డు చూపించన్నా" అనండి. జేబులోంచి తీస్తే సరే. "మేస్త్రీ దగ్గరుంది" అంటే ఆ రోజే కార్డులన్నీ వెనక్కిప్పించి, బ్యాంకుకు తీసుకెళ్లి పిన్ మార్పించండి.

చీటీ ఇవ్వండి: ఎన్ని రోజులు, ఎన్ని గంటలు, ఓటీ (అదనపు గంటల పని) ఎంత, ఏది ఎందుకు కోశారు. ఓటీకి రెట్టింపు రేటు. నెల జీతమైతే మరుసటి నెల ఏడో తేదీలోపు, వారం కూలి అయితే వారపు సెలవుకు ముందే అందాలి. మధ్యలో మానేసినవాళ్లకు రెండు పనిరోజుల్లో లెక్క తేల్చాలి. "సీజన్ అయ్యాక" అనే మాటకు చట్టంలో చోటు లేదు.

6. షెడ్డు, గేటు, ఫోన్

రాత్రి గేటు తాళం ఎవరి దగ్గరుంటుంది? లోపలున్నవాళ్లు ఎవర్నీ అడక్కుండా బయటికి రాగలరా? నిప్పు అంటుకుంటే ఏంటి పరిస్థితి? పత్తి మిల్లులో ఈ చివరి ప్రశ్న ఒక్కటి చాలు తాళం తీయించడానికి. సంతకు, గుడికి, మసీదుకు పోనివ్వాలి. ఫోన్లు లాక్కోకూడదు. ఆడవాళ్లకు తలుపు, గడియ, లైటు ఉన్న మరుగుదొడ్లు కావాలి. పదిమంది, ఆపైన పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి, కాంట్రాక్టు ఆడకూలీలు కూడా దానికి చెప్పుకోవచ్చు.

7. కూలీలతో మాట్లాడటం

ఆడిట్ అని చెప్పి, లైన్లో నిలబెట్టి, మేస్త్రీ పక్కనుండగా "ఏమైనా ఇబ్బందా?" అని అడిగితే "ఏం లేదు సార్, బాగుంది" అనే వస్తుంది. టీ తాగే చోట, ఒక్కొక్కరితో, వాళ్ల భాష తెలిసిన మనిషితో అడిగించండి. ఆడవాళ్లను ఆడవాళ్లే అడగాలి.

"నీ మీద ఒత్తిడి ఉందా?" లాంటి ప్రశ్నలకు జవాబు రాదు. లెక్క అడగండి. పోయిన వారం ఎంత వచ్చింది? దాంట్లో ఇంటికి ఎంత పంపినావు? పండక్కి ఊరికి పోవాలంటే ఎవరిని అడగాల? మేస్త్రీకి ఎంత బాకీ ఉంది, ఎప్పటికి తీరుతుంది? బాకీ ఎంతో తెలియదు, ఎప్పటికి తీరుతుందో తెలియదు అని ముగ్గురు చెప్పారంటే మీరు ఆ పుస్తకం తెరిచి చూడాల్సిందే. ఎవరు ఏం చెప్పారో మేస్త్రీకి పొక్కకూడదు. ఊళ్లో వాళ్ల ఇల్లు అతనికి తెలుసు.

8. సుగ్గికి పోయేవాళ్లు బండెక్కే ముందు

ఇది యజమానులకు కాదు, ఊళ్లో చదువుకున్న పిల్లలకు. మీ అమ్మానాన్న బయల్దేరే ముందు బండి నంబరు, మేస్త్రీ ఫొటో, ఫోన్ నంబరు, పోయే ఊరు మీ ఫోన్‌లో పెట్టుకోండి. ఇచ్చిన అడ్వాన్స్‌కు ఫోన్‌పే రికార్డు ఉంటే దాచండి, చేతికిస్తే తేదీ వేసి రాసుకోండి. అమ్మకు ఒక చిన్న నోటుపుస్తకం ఇచ్చి రోజుకో గీత గీయమనండి. మేస్త్రీ పుస్తకానికి ఎదురు నిలబడేది ఆ గీతలే. వేతన బాకీకి మూడేళ్లలోపు క్లెయిమ్ వేయవచ్చు, జీతం ఇచ్చామని రుజువు చూపాల్సింది యజమానే.

9. మీ దగ్గర వెట్టి బయటపడినప్పుడు

మొదటి ఆలోచన అందరికీ ఒకటే వస్తుంది: కాంట్రాక్టర్‌ను తీసేసి, కూలీలను రాత్రికి రాత్రి లారీ ఎక్కించి ఊరికి పంపేద్దాం, పేరు బయటికి రాకుండా. ఇంతకన్నా చెడ్డ పని లేదు. వాళ్ల కూలి పోతుంది, అప్పు వాళ్ల నెత్తినే మిగులుతుంది, వారంలో ఇంకో మిల్లులో అదే మేస్త్రీ కింద ఉంటారు.

ఎవరికైనా దెబ్బలు, నిర్బంధం, ప్రాణభయం ఉంటే వెంటనే 112. పిల్లలుంటే 1098. ఆడవాళ్లకు 181. ఉచిత న్యాయ సహాయానికి 15100, కర్నూలులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మేస్త్రీని ముందే నిలదీయకండి, పుస్తకం మాయమవుతుంది, మనుషులూ మాయమవుతారు. పుస్తకం పేజీల ఫొటోలు, హాజరు పట్టీ, బ్యాంకు షీట్ జాగ్రత్త చేసి కలెక్టర్‌కు గానీ ఆదోని సబ్ కలెక్టర్‌కు గానీ రాతపూర్వకంగా ఇవ్వండి. 1976 చట్టం కింద జిల్లాకూ, డివిజన్‌కూ విజిలెన్స్ కమిటీలుంటాయి, విచారణ వాళ్లు చేస్తారు. మోసం చేసి, బెదిరించి, అవసరాన్ని ఆసరా చేసుకుని మనుషులను తెచ్చి దోచుకుంటే భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కింద అది మనుషుల అక్రమ రవాణా. బాధితుడు ఒప్పుకున్నాడన్న మాట అక్కడ చెల్లదు.

విచారణలో వెట్టి అని తేలితే అధికారులు కూలీకి విముక్తి పత్రం ఇస్తారు. కూలీకి ఈ కాగితం ఎంత విలువైందో చాలామందికి తెలియదు. కేంద్ర పునరావాస పథకం కింద తక్షణ సాయంగా 30,000 దాకా అందుతుంది. ఆ తర్వాత మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకూ పిల్లలకూ రెండు లక్షలు, అక్రమ రవాణా, లైంగిక దోపిడీ లాంటి తీవ్రమైన కేసుల్లో మూడు లక్షలు. ఈ పెద్ద మొత్తాలు మామూలుగా నేరం రుజువయ్యాకే వస్తాయి, అందుకే సాక్ష్యం చెదరనివ్వకూడదు. రాత్రి లారీలో పంపేసిన మనిషికి ఇవేవీ రావు.

ఈలోపు వాళ్లకు తిండి, వసతి మీరే చూడండి. మేస్త్రీ మింగిన కూలిని లెక్కగట్టి ఒక్కొక్కరి ఖాతాలో వేసి, కాంట్రాక్టర్ బిల్లులోంచి పట్టుకోండి. ఇందుకోసమే ఒప్పందంలో మొదటి రోజే ఒక షరతు పెట్టుకోవాలి: ప్రతి నెలా కమిషన్‌లో కొంత మా దగ్గర ఆగుతుంది, అందరికీ పూర్తి కూలి అందిందని మేం విడిగా అడిగి తెలుసుకున్నాకే విడుదలవుతుంది. కాంట్రాక్టర్లు ఈ షరతుకు గొణుగుతారు. గొణిగి సంతకం పెట్టేవాళ్లూ ఉంటారు, వాళ్లతోనే పని పెట్టుకోండి.